ఎడమచేత్తో బిగించిన రీలు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఒక క్లాసు ముగించి రెండో క్లాసు మొదలుపెట్టబోతుంటే మా ఇంటి ఓనరు భార్య, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, దవాఖాన నుంచి ఫోన్ చేసింది. “బిడ్డా, మీ బాబాయి ఇగ లేడు,” అంది. బోర్డు మీద సగం లెక్క రాసి, మిగతాది ఎలా చెయ్యాలో తోచక నిలబడిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. అల్మాస్‌గూడలో మేం కిరాయికుండే ఇంటి ఓనరు. మాది కోస్తా, వాళ్లది ఇక్కడే. బాబాయ్ అన్నది నా పిలుపు, బిడ్డా అన్నది ఆయన పిలుపు. బ్యాంకులో గుమస్తాగా రిటైరయ్యాక ఏ బుద్ధి పుట్టిందో, చేపలు పట్టే గాలం కర్ర, దానికి దారం చుట్టే రీలు కొనుక్కొచ్చారు. నాకేమో ఆదివారం ఇంట్లో కూర్చోవడమంటే ఒళ్లుమంట. అలా ఆయన స్కూటర్ వెనక ఎక్కి, సాగర్ రోడ్డు వైపు చెరువుకు వెళ్లడం మొదలైంది.

చేపలు మాత్రం పెద్దగా పడేవి కావు. పడతాయా మరి, మీరే చెప్పండి. పిడి కింద వేలాడాల్సిన రీలును ఆయన పైకి బిగించి, ఏడాదంతా వెనక్కి తిప్పారు. చెరువు దగ్గర ఎవరో చూసి నవ్వితే, “నా చెయ్యికి గిట్లనే అలవాటైంది, నీకేంది?” అని దబాయించారు. ఇంటికొచ్చాక చప్పుడు చేయకుండా కిందికి మార్చుకున్నారు. నేను చూడటం గమనించి, “మీ పిన్నికి చెప్పకు,” అన్నారు.

ఆ రీలు బిగించడమే ఆయనకు పండగ. శనివారం సాయంత్రం వరండాలో కూర్చుని, రీలు కాలును పిడి మీది గాడిలో దూర్చి, కదలకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, రింగు తిప్పుతూ బిగించేవారు. చివర్లో నన్ను పిలిచి, “జర గుంజి సూడు బిడ్డా,” అనేవారు. నేను రెండు చేతులతో గుంజాలి. అది కదలకపోతేనే ఆయన గొంతులోకి టీ దిగేది. “చేప పడుడు దానిష్టం, రీలు బిగించుడు మనిష్టం,” అనేవారు.

నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక నోట చెరువు మాట తప్ప మరోటి లేదు. కానీ రీలు తానే బిగించాలి, అప్పుడే వెళ్లాలి. అదీ ఆయన మొండిపట్టు.

“ఆ పిల్లతోని బిగించుకోరాదు?” అని పిన్ని విసుక్కునేది.

“ఆమె బిగిస్తే అది ఆమె గాలమైతది. నేను పక్కన కూసున్నోణ్ణయిత,” అనేవారు బాబాయి.

పిడిని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి ఎడమచేత్తో తిప్పేవారు. రీలు జారి నేల మీద పడేది. తీసివ్వబోతే కసిరేవారు. ఆ చప్పుడు మా వంటింట్లోకి వినబడుతుంటే నాకు ఏ పని మీదా మనసు నిలిచేది కాదు.

ఒక సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు దిగి ఇల్లు చేరేసరికి కర్ర గోడకు ఆనించి ఉంది, దానికి రీలు ఉంది. “ఒంటి చెయ్యితోని బిగించిండు, సూసినవా,” అంది పిన్ని, మొహమంతా నవ్వుతో. “ఆదివారం పోదాం,” అన్నారు బాబాయి. గుంజి చూడమని అడగలేదు. ఆ సంతోషంలో నాకూ తోచలేదు. ఆదివారం రాకముందే మళ్లీ దవాఖాన పాలయ్యారు. ఈసారి ప్రాణంతో తిరిగి రాలేదు.

పలకరింపుకొచ్చిన ప్రతివాళ్లకూ పిన్ని ఆ కర్ర చూపించింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. “పోయే ముంగట ఒంటి చెయ్యితోని బిగించిండు,” అని చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడే ఆమె గొంతు వణికేది కాదు.

మొన్న చుట్టాలంతా వెళ్లాక నన్ను పిలిచింది. “రీలు ఊడదియ్యి బిడ్డా, దుమ్ము పడ్తది, డబ్బాల పెడ్త.”

వేలు పెట్టాను. రింగు బిగిసే లేదు, ఊరికే ఆనుకుని ఉంది. రీలు నా అరచేతిలోకి వచ్చేసింది. ఆయనకు తెలుసు. అందుకే నన్ను గుంజమనలేదు. రీలును మళ్లీ పిడికి ఆనించి పట్టుకున్నాను.

“ఊడుతలేదా? మస్తు గట్టిగ బిగించిండు గద,” అంది పిన్ని వెనకనుంచి.

“చాలా గట్టిగా ఉంది పిన్నీ, ఉండండి,” అన్నాను. ఆమెకు కనబడకుండా వీపు అడ్డం పెట్టి, ఎప్పుడో ఊడొచ్చిన ఆ రీలును పళ్లు బిగబట్టి ఇంకా గుంజుతూనే ఉన్నాను.