దేవుడి కుండ మూత

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి పక్కన మూతపెట్టిన చిన్న కుండ ఒకటి ఉండేది. అంబలి కాచే ప్రతిసారీ ముందుగా మా మామ్మ చోళ్లలోంచి, అంటే రాగుల్లోంచి, ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. అది దేవుడి వాటా. ఆదివారం ఆ చోళ్లు మా కొండవాగు గెడ్డ అవతల ప్రార్థన పాకకు చేరేవి. మా కొండ మీద నాలుగైదు ఇళ్లవాళ్లమే యేసుప్రభువును నమ్ముకున్నాం. మిగతావాళ్లు కొండదేవతకు మొక్కేవారు. వాళ్లకంటే మేమేదో ఎక్కువని నాకు భలే గర్వం. తొమ్మిదేళ్ల పిల్లకి అంత గర్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏమో!

ఆ ఏడు వానలు పట్టుకున్నాయి. పాత గింజలు అయిపోయాయి, కొత్త పంట ఇంకా వెన్ను తీయలేదు. చాలా ఇళ్లలో మామిడి టెంకల పిండితో కాచిన అంబలే తిండి. ఆ ఆదివారం మామ్మకు జ్వరం వచ్చి, చోళ్లు మూటగట్టి నన్ను పంపింది. దారిలో చివరింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో ఏడాది పిల్లాడు మెడ వాల్చేశాడు.

"గుప్పెడు సోళ్లియ్యవే గుంటా, టెంకంబలి తాగి మా గుంటడు కక్కేత్తన్నాడు" అంది.

ఇవి దేవుడివి, ఇవ్వకూడదు అన్నాను. ఈవిడ మా ప్రార్థనకు రాదు కదా అని మనసులో అనుకున్నాను కూడా. ఆమె పిల్లాణ్ణి భుజానికెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఈ సంగతి గొప్పగా చెప్పాను. మామ్మ దుప్పటి తీసేసి లేచి కూర్చుంది.

"ఏటి సేసొచ్చినావే! దేవుడు గుమ్మంలో నిలబడి అడిగితే, దేవుడివని సెప్పి పట్టుకెల్లిపోనావా?"

అంతే. రెండు దెబ్బలేసినా బాగుండేది. ఇంట్లో మిగిలిన చోళ్లన్నీ తిరగలిలో పోసి, వణుకుతూనే విసిరి అంబలి కాచింది. కుండ నా నెత్తిన పెట్టి, వానలో నా వెనకే నడిచింది. పెద్దమ్మ వేలితో అంబలి తీసి పిల్లాడి పెదాలకు రాసింది. వాడు మింగలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

వెళ్లేటప్పుడే ఇచ్చి ఉంటే బతికేవాడా? నాకు తెలియదు. ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను, ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే మామ్మ దేవుడి కుండను బయట పంచలోకి మార్చి, మూత తీసి పారేసింది. అడిగినవాళ్లకు పోగా మిగిలితేనే మందిరానికి అంది. పాస్టరుగారు ఏమంటారోనని భయపడ్డాను గానీ, ఆయన తల వంచుకుని సరేనన్నారు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. రేషన్ బియ్యం వస్తున్నాయి. ఆ కుండ నా పంచలోనే ఉంది, మూత లేకుండా. చివరింటి పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. కనబడితే నవ్వేది, పనస తొనలిచ్చేది. నన్ను మాత్రం మళ్లీ ఏదీ అడగలేదు. ఒక్కసారి అడిగితే బాగుండునని, ఆమె పోయేదాకా ఎదురుచూశాను.