గాజు గొట్టంలో తెల్లటి మసక

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఒక మనిషి నొప్పి నిజమని కళ్లారా చూసి, ఏమీ లేదని రాశాను. అంతే. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిసినవాళ్ల ముందు నా నోరు పెగలదని చాలాసార్లు చూసుకున్నాను.

నా పేరు రాయను. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి దవాఖానలో రక్తం, మూత్రం పరీక్షలు చేసేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. అతని పేరు మాత్రం మార్చడం లేదు. ఓదెలు. మా వైపు ఊరికి నలుగురు ఓదెలులు ఉంటారు, కాబట్టి ఆ పేరు రాస్తే ఎవరి గుట్టూ బయటపడదు. తెలియాల్సిన మనిషికి మాత్రం తెలుస్తుంది.

ఓదెలన్న భూమి కింద బొగ్గును తట్టకెత్తి టబ్బులనే ఇనుప బండ్లలో నింపేవాడు. మా క్వార్టర్ల వరసలోనే, నాలుగు గుమ్మాల అవతల ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అని పిలిచేవాడు. పనికి వెనకాడే మనిషి కాదు. అలాంటివాడు ఆ ఎండాకాలం నెలలో మూడుసార్లు నడుము నొప్పి అని దవాఖానకు వచ్చాడు. పైకి చూస్తే వాపు లేదు, దెబ్బ లేదు, జ్వరం లేదు. మా పెద్ద డాక్టరుకు అంతకంటే రుజువు అక్కర్లేదు. డ్యూటీ ఎగ్గొట్టడానికి వేసే వేషాల్లో ఇదొకటి అనుకున్నాడు. మొక్కుబడిగా మూత్రం పరీక్ష రాసి నా దగ్గరికి పంపాడు.

ఆ పరీక్ష ఎలా చేస్తామో చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

మూత్రాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద మరిగిస్తాం. అందులో ప్రోటీన్ ఉంటే, కోడిగుడ్డు తెల్లసొన లాగా గడ్డకట్టి తెల్లగా కనబడుతుంది. లేకపోతే తేటగా ఉంటుంది. పొద్దున ఒక్కపూటలో అరవై గొట్టాలు. మంట పెద్దది పెట్టి, ఒక్కోదాన్ని నేరుగా మరుగు దాకా తెచ్చి, ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టేవాణ్ణి. అచ్చువేసిన కాగితంలో గడి కూడా అలాగే ఉండేది: మరిగించినప్పుడు ఆల్బుమిన్, అంటే ఆ ప్రోటీన్. ఉందా, నిల్లా. ఆ రెండే మాటలు.

నాకు ఈ పని నేర్పింది మిషన్ ఆసుపత్రిలో ఒక ముసలి సిస్టరమ్మ. ఆవిడ ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఒక రకం ప్రోటీన్ ఉంటుంది, అది అందరిలా నడుచుకోదు, గోరువెచ్చగా ఉన్నప్పుడే తెల్లబడుతుంది, మరిగితే కరిగిపోతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది అని. అది ఎముకల్లోంచి వచ్చే కబురనీ, ఎప్పుడైనా కనబడితే చేతిలో పని వదిలేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తమనీ చెప్పింది. నేను తలూపాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా కనబడలేదు. మంట పెద్దగా పెడితే అది కనబడదు కూడా. తెల్లబడటం, కరగటం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతాయి.

ఆ రోజు స్పిరిట్ నిండుకుంది. కొత్తది రాలేదు. సీసా అడుగున మిగిలిన చుక్కలతో దీపం కొడిగట్టినట్టు మండుతోంది. గొట్టాలు నిదానంగా వేడెక్కుతున్నాయి. విసుగ్గా ఉంది. ఓదెలన్న గొట్టం పట్టుకుని అలా కూర్చున్నాను. సగం వేడికే అందులో తెల్లటి మసక కమ్మింది. నేను లేచి నిలబడ్డాను. అది మరిగింది. మసక పోయింది. తేటగా, నీళ్లలా ఉంది. గొట్టాన్ని చెక్కస్టాండులో పెట్టి, వేరే పని ఉన్నట్టు మిగతావి కదిలించాను. కాసేపటికి తిరిగి చూస్తే, చల్లారిన గొట్టంలో మసక మళ్లీ వచ్చి కూర్చుంది.

రావడం, పోవడం, మళ్లీ రావడం, మూడూ చూశాను. పొరపాటు పడ్డానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మరి ఎందుకు పరుగెత్తలేదు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకప్పుడు ఒకే జవాబు ఉండేది: భయం. అంతకు పదిహేను రోజుల ముందు ఇంకెవరిదో కాగితం అడుగున నాకు తోచిన నాలుగు మాటలు రాశాను. పెద్ద డాక్టరు దాన్ని వరండాలో అందరి ముందూ చదివి వినిపించి, రోగాలకు పేర్లు పెట్టడం ఎవరి పనో అడిగాడు. గడులు నింపడం నా పని అని నాచేతే చెప్పించాడు. నేను అప్పటికి టెంపరరీ. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్ల మీద సంతకం కోసం ఉంది. ఇవన్నీ నిజమే. కానీ ఇన్నేళ్లు తవ్వుకుంటూ పోతే భయం కింద ఇంకొకటి దొరికింది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. డాక్టరు అన్న మాట నేనూ సగం నమ్మాను. మా ఓదెలన్న కూడా వేషం వేస్తున్నాడేమోనని ఒక మూల అనుకున్నాను. ఎదురుగా గొట్టంలో తెల్లగా కనబడుతున్నా అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువు కదా.

నిల్ అని రాశాను. మరిగించినప్పుడు నిజంగానే ఏమీ లేదు. ఆ కాగితం ఇప్పుడు ఎవరు తీసి చూసినా అందులో అబద్ధం దొరకదు. అందుకే నన్ను ఎవరూ పట్టుకోలేదు.

కిటికీ దగ్గర ఓదెలన్న నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి కిటికీ ఊచ మీద.

"తమ్మీ, అండ్ల ఏమన్న కనవడ్డదా?"

"ఏం లేదే ఓదెలన్నా."

"జర మళ్లొక్కపారి సూడు. పైన కాదు, లోపట ఎముకలకెల్లి గుంజుతాంది. సారేమో దొంగ నొప్పులంటాండు."

"ఉంటె రాయనా అన్నా? లేంది ఎట్ల రాస్త?"

అతను నన్నే చూశాడు. అనుమానంగా కాదు. అది అనుమానమైతే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

"సరే తియ్యి," అన్నాడు. "నువ్వు సూసి లేదన్నవంటె లేనట్టే. నాకే గట్ల అనిపిస్తాందేమో."

అతను వరండా దిగేదాకా ఆగి, ఆ గొట్టంలోది పారబోసి కడిగేశాను. మిగతా గొట్టాలు ఇంకా ఉన్నాయి. వాటిని వదిలి దాన్నే ముందు కడిగాను.

డాక్టరు ఫిట్ అని రాశాడు. వారం తిరిగేలోగా నా పర్మనెంటు కాగితం మీద సంతకమైంది. ఆ వారంలో బాయి మీద ఓదెలన్నకు డ్యూటీ దొంగ అని పేరు పడింది. తోటివాళ్లు నడుము పట్టుకుని వంగి నడిచి చూపించేవారట. తొమ్మిదో రోజు ఫస్ట్ షిఫ్టులో నిండు తట్ట ఎత్తబోతుంటే అతని వెన్నులో ఏదో విరిగిన చప్పుడు పక్కవాడికి వినబడిందట. పైకి మోసుకొచ్చినప్పుడు నేను దవాఖాన వరండాలోనే ఉన్నాను. కాళ్లు రెండూ కదలడం లేదు. అప్పుడైనా చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని మింగేశాను. వెన్నెముకకు టీబీ అని ఎవరో తేల్చారు. గోదావరి అవతల జైపూర్ దగ్గర అతని ఊరికి తీసుకుపోయారు. అంటుకుంటుందని ఇంట్లో గిన్నె, చెంబు వేరు పెట్టారని విన్నాను. దీపావళి రాకముందే పోయాడు.

ఆ తర్వాత నేను ఏ గొట్టాన్నీ తొందరగా మరిగించలేదు. నా నిదానం చూసి అందరూ నవ్వుతారు. ఆరేళ్లకు మళ్లీ ఒకసారి ఆ మసక కనబడింది, ఒక గుమాస్తాది. ఈసారి పరుగెత్తాను. కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు నా భుజం తట్టి, ఇది పట్టుకున్నందుకు మెచ్చుకోవాలని అందరి ముందూ అన్నాడు. నేను బయటికెళ్లి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ గుమాస్తాను హైదరాబాద్ పంపారు. రోగం నయం కాలేదు. కానీ బరువు ఎత్తనివ్వలేదు, నొప్పికి మందిచ్చారు, మంచం పక్కన జనం కూర్చుని ఓదార్చారు. రెండేళ్లు బతికాడు. ఓదెలన్నకు కూడా ఆ రెండేళ్లు ఉండేవా? ఏమో. నడుము విరగకుండా, పరువు పోకుండా నాలుగు నెలలైనా ఉండేవి కదా.

ఆ చిన్న డాక్టరే నాకు ఆ రోగం సంగతి, అది ఎముక మూలుగలో పుట్టే క్యాన్సరని, విడమరిచి చెప్పాడు. ఒంట్లో ప్రతి కణానికీ మాటలు అందుతుంటాయట. పెరుగు, ఇక చాలు ఆగు, నీ కాలం తీరింది పో అని. ఆ మాటలను మోసేవీ, అందుకునేవీ, ముందుకు దాటించేవీ చాలావరకు ప్రోటీన్లేనట. ఎముక మూలుగలో ఏదో ఒక కణం ఆగమంటే ఆగదు. పొమ్మంటే పోదు. తనలాంటివాటినే పుట్టిస్తూ, ఒకే రకం ప్రోటీన్‌ను గుట్టలుగా చేస్తూ కూర్చుంటుంది. మూత్రంలో దిగేది దాని ముక్కే. అంతటితో ఊరుకోక, పక్కనున్న ఎముకను కరిగించే కబురు కూడా పంపుతుందట. ఇదంతా ఇప్పుడిప్పుడే తెలుస్తోందనీ, తెలియనిదే ఎక్కువనీ అన్నాడు. ఎముకల లోపలినుంచి గుంజుతోందని ఓదెలన్న అన్న మాట నాకు వినబడింది. ఏ పుస్తకమూ చదవకుండా అతను సరిగ్గా చెప్పాడు.

బాయిలో టబ్బులు లాగే తాడుకు గంట ఉంటుంది. ఒక్క గంటంటే ఆపు. కిందివాడు కొట్టిన గంటను పైన ఇంజను దగ్గరివాడు పట్టించుకోకపోతే ఏమవుతుందో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఓదెలన్న ఒంట్లో మాట వినని కణం ఒకటి ఉంది, దానికి తెలివి లేదు. విని కూడా ముందుకు పంపనివాణ్ణి నేను. నాకు తెలివి ఉంది.

ఇక్కడితో ఆగితే ఇది నా గోడు మాత్రమే అయ్యేది. మూడేళ్ల క్రితం మంచిర్యాల అంగట్లో కూరగాయలు పెట్టుకుని కూర్చున్న లచ్చవ్వ వదినె కనబడింది. ఓదెలన్న భార్య. నన్ను గుర్తుపట్టింది, పిల్లల గురించి అడిగింది. మాటల్లో, అతని వెన్ను విరిగిన పొద్దు సంగతి తనే ఎత్తింది. లేవలేనని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడట. "కాయితంల ఏం లేదన్నరు గదా అని నేనే చెయ్యివట్టి లేపిన," అన్నది. ఏడవలేదు. తక్కెడ సరిచేసుకుంటూ అన్నది. మొగుణ్ణి నేనే పంపి చంపుకున్నానన్న మాట ఇన్నేళ్లు ఆమె మోస్తోంది, మోయాల్సినవాణ్ణి ఎదురుగా నిలబడి ఉన్నాను. కిలో టమాటాలు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత చెప్పడానికని రామగుండంలో రెండుసార్లు రైలెక్కాను. రెండుసార్లూ మంచిర్యాల స్టేషన్ దాటి బయటికి పోలేదు. మూడోసారి పోతానని మీకు మాటివ్వలేను. నా మాటకు ఎంత విలువో ఇప్పటికి మీకు తెలిసింది.

వదినెకు చదువు రాదు. ఇది ఆ దిక్కున ఎవరి చేతికైనా అందితే చదివి వినిపించండి. వదినే, నువ్వు నమ్మింది నా కాగితాన్ని. అది నీ తప్పు కాదు. ఓదెలన్న దొంగ నొప్పులు పడలేదు. ఆయన నొప్పి పరీక్ష చేసిన పొద్దు నా చేతిలో తెల్లగా కనబడింది. నేను చూశాను. చూసి కడిగేశాను.