ఎర్ర చేపపిల్ల నోరు

నా చిన్నప్పుడు తిరువూరులో మా వీధి మొత్తానికి చేపల తొట్టి ఉన్న ఇల్లు మాదొక్కటే. పక్కింట్లో పటాలకు అద్దాలు బిగించే సాయిబు గారు ఉండేవారు. మాకు ఆయన అద్దాల బాబాయి. కొట్లో మిగిలిన గాజుపలకలను లప్పంతో అతికించి, పైన మూతపలక కూడా పెట్టి, నాకూ చెల్లికీ ఆ తొట్టి చేసిచ్చారు. పన్నెండు గప్పీ చేపల్ని తెచ్చి వదిలిందీ ఆయనే. వేలెడంత కూడా ఉండవు, తోకలు మాత్రం రంగురంగుల పావడాలు. ఇంకే చేపను కలపాలన్నా ముందు తనకు చూపించమని మరీ మరీ చెప్పారు.

నేను వింటేగా! ఆ వానాకాలం గంపలగూడెం దగ్గర మా పొలానికి వెళ్లినప్పుడు కాలువలో ఎర్రటి చేపపిల్లలు గుంపుగా తిరుగుతూ కనిపించాయి. ఎంత ముద్దొచ్చాయో! ఒకదాన్ని చెంబులో పట్టి తెచ్చి, బాబాయికి చెప్పకుండా గప్పీల్లో కలిపేశాను.

నెల తిరిగేసరికి దాని ఎరుపు నల్లబడింది. నాచు చాటున కదలకుండా నిలబడేది. ఉండుండి పైకొచ్చి గుటుక్కున గాలి మింగి మళ్లీ అక్కడికే పోయేది. ఒకరోజు పొద్దున చూస్తే గప్పీలు పదకొండే ఉన్నాయి. మర్నాడు పది. చచ్చి తేలిన చేప లేదు, మూత కదల్లేదు. ఉన్నవి మేత వేసినా రాకుండా ఓ మూల బిక్కుబిక్కుమంటూ ఉండేవి.

తొట్లో చేతులు పెట్టే అలవాటు మా చెల్లికుంది. అప్పటికి దానికి ఐదేళ్లు. "నేను తియ్యలేదక్కా, ఆ నల్లదే మింగేస్తోంది" అని ఏడ్చేది. అంత బుల్లి చేప ఇంకో చేపను మింగడమేంటి, కోతలు కొయ్యకని కసిరాను. ఏడే మిగిలిన రోజున చెల్లే చేపల్ని తీసేస్తోందని నాన్నకు చెప్పాను, కళ్లారా చూసినట్టే చెప్పాను. నాన్న దాని రెండు అరచేతుల మీదా బెత్తంతో కొట్టారు. మర్నాటికి ఆరే ఉన్నాయి.

అప్పుడు భయమేసి బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆయన వచ్చి తొట్టి ముందు కూర్చుని నల్లచేపను పరీక్షగా చూశారు. తర్వాత కొట్టుకెళ్లి, కొలిచి కోసిన గాజుపలక తెచ్చి తొట్టి మధ్యలో నిలువుగా దించారు. నల్లచేప ఒక పక్క, గప్పీలు ఇంకో పక్క. మూడు రోజులు ఎవరినీ ఏమీ అనకుండా చూడమన్నారు. మూడు రోజులూ ఆరూ ఆరుగానే ఉన్నాయి. నల్లచేప మాత్రం గాజుకేసి మూతి కొట్టుకుంటూనే ఉంది.

"ఇది కొర్రమీను పిల్లమ్మా. రంగు చూసి తెచ్చావు, నోరు చూళ్లేదు. పక్క చేప దీని నోట్లో పడుతుందా లేదా, ముందది చూడాలి" అన్నారు బాబాయి. "దాన్ని తిట్టకు. ఆకలేసింది, తింది. అన్నిటినీ ఒకచోట పెట్టింది నువ్వు."

కొర్రమీనును తీసుకెళ్లి కాలువలో వదిలేశాం. తప్పు నాదేనని చెల్లితో ఒక్క మాట అనాలని మాత్రం ఆ రోజు నాకు తోచనే లేదు.

మొన్న మనవరాలికి చేపలు కొనడానికి వెళ్తే, షాపతను రంగులు చూపిస్తుంటే నేను నోళ్లు చూశాను. ఏది ఎంత పెరుగుతుందో విసుగొచ్చేలా అడిగి తెచ్చాను. తొట్టి చూడ్డానికి విస్సన్నపేట నుంచి చెల్లి వచ్చింది. దానికిప్పుడు యాభై దాటాయి. మనవరాలు "చిన్నమ్మమ్మా, మేత నువ్వెయ్యి" అని డబ్బా అందించబోతే, చెల్లి నవ్వుతూనే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఆ సంగతి దానికి తెలిసినట్టు కూడా లేదు. నేను చూశాను. ఇన్నేళ్లయినా దాని అరచేతుల వంక సూటిగా చూడలేను.