సౌభాగ్యమ్మ టీచరు, చవితి పత్రి

జగ్గయ్యపేట వర్తకులకు మొక్కల మీద ప్రేమ పుట్టడానికి కారణం మొక్కలు కాదు, బెంగుళూరు. 1947 వేసవిలో గుడ్డల కొట్టు చెన్నకేశవరావు ఏదో పెళ్లికని ఆ ఊరు వెళ్లి, లాల్‌బాగ్ చూసి, తిరిగొచ్చిన వారంలోనే నలుగురిని కూర్చోబెట్టి, "మన ఊరికేం తక్కువ?" అన్నాడు. తక్కువేమిటో చెప్పాలంటే చాలా ఉంది. నీళ్లు తక్కువ, నేల చౌడు, మొక్కల సంగతి తెలిసిన మనిషి ఆ నలుగురిలో ఒక్కడూ లేడు. ఇలాంటి సభల్లో అలాంటివి ఎత్తడం మర్యాద కాదు గనక ఎవరూ ఎత్తలేదు. బజారు వెనక మూతబడ్డ పత్తి మిల్లు తాలూకు ఎకరంన్నర స్థలం, అందులో ఒక బావి దొరికాయి. కమిటీ "పురజన వృక్షోద్యానం" అని బోర్డు కట్టింది. జనం మొక్కల తోట అన్నారు.

జీతగాళ్లు వద్దు, ఊరివాళ్లే వచ్చి పనిచేయాలని తీర్మానించారు. గొప్ప ఆశయమే. ఏ రోజు చేయాలన్న దగ్గర అసలు సంగతి బయటపడింది. బజారుకు సెలవు నెలకు ఒక్కటే, అమావాస్య. కాబట్టి సేవ కూడా అమావాస్యకే. మొక్కలకు నెలకోసారి మాత్రమే దాహం వేసి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మిగతా రోజులన్నీ నీళ్లు పోసింది సౌభాగ్యమ్మ.

ఆవిడది నందిగామ పక్క పల్లె. కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబం. పలక పట్టకముందే తల్లి వెంట కలుపుకు వెళ్లింది. కలుపు తీసే మనిషికి ప్రతి మొక్కా రెండాకుల మీద ఉన్నప్పుడే తెలియాలి, తప్పు మొక్క పీకితే ఆసామి ఊరుకోడు. ఆవిడ వృక్షశాస్త్రం అక్కడ మొదలైంది. తరువాత చదువుకుంది, ట్రెయినింగు అయింది, నందిగామలో ఇరవై ఆరేళ్లు చిన్న క్లాసులకు పాఠాలు చెప్పింది. భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక జగ్గయ్యపేటలో చెల్లెలి ఇంటికి వచ్చింది.

వచ్చిన కొత్తలో ఒక అమావాస్యనాడు తోట పక్కగా పోతూ లోపలికి చూసింది. పంచెలు ఎగగట్టిన పెద్దమనుషులు కలుపు తుంగకు నీళ్లు పోస్తూ, మందు మొక్క నేలవేమును పీకి పారేస్తున్నారు.

"అయ్యా, తలకిందులుగా చేస్తున్నారండి," అంది గోడ మీదుగా.

చెన్నకేశవరావు నడుం పట్టుకుని లేచాడు. "ఎవరమ్మా నువ్వు?"

"నందిగామలో టీచరు చేశానండి."

"అయితే బయట నిలబడి తిడతావెందుకు? లోపలికొచ్చి తిట్టు."

లోపలికి వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. చర్చి సంఘంలో వాళ్లు దాన్ని ప్రభువు సేవ అన్నారు. వర్తకులు పుణ్యం అన్నారు. ఎవరైనా మంచి పని చేస్తుంటే దానికి పైనెక్కడో ఒక కారణం వెతకడం మనకు అలవాటు. తర్వాతెప్పుడో నేను ఆవిడనడిగితే, "ఇంట్లో మా చెల్లెలితో పడదు బాబూ," అంది. చేతులకు తెలిసిన పని చేతులు చేస్తున్నాయి, అంతే.

ఏడాది తిరిగేసరికి తోటలో వందకు పైగా రకాలు నిలబడ్డాయి. అప్పుడు కమిటీకి వాటికి పేరు రేకులు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. రంగుల కొట్టు కుటుంబరావు పసుప్పచ్చ రేకుల మీద ఎర్రటి అక్షరాలతో రాశాడు. మామూలు పేర్లు రాస్తే మామూలుగా ఉంటాయని చెన్నకేశవరావుకు తోచింది. వినాయక వ్రతంలో వచ్చే ఇరవై ఒక్క పత్రుల మొక్కలనూ పుస్తకంలో పేర్లతో, పుస్తకంలో వరసతో, నంబర్లు వేసి పెట్టించాడు. వాకుడు పక్కన "2. బృహతీ పత్రం." వావిలి పక్కన "15. సింధువార పత్రం." జనానికి విజ్ఞానం కలగాలని ఆయన ఉద్దేశం.

విజ్ఞానం 1948 చవితినాడు కలిగింది. ఏటా గరికపాడు అవతలి పల్లెల నుంచి కూలివాళ్లు పత్రి మోపులు తెచ్చి బజార్లో అమ్మేవారు. ఆ ఏడు నైజాం సరిహద్దులో గొడవలు, మోపులు రాలేదు. ఊరికి తోట గుర్తొచ్చింది. వ్రతకల్పం చేతబట్టుకుని, ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా నంబర్ల ప్రకారం నడుచుకుంటూ, దూసుకుంటూ పోయారు. ఎనిమిది గంటలకల్లా ఆ వరస మొత్తం పుల్లలు. జమ్మి, మారేడు తట్టుకున్నాయి. మాచీపత్రి పోయింది. ఇరవయ్యో నంబరు, అర్జున పత్రం, అంటే మద్ది మొక్క, మోకాలెత్తున ఉన్నది, నెల తిరక్కుండా ఎండిపోయింది. రేకులకు మాత్రం ఒక్క గీత పడలేదు.

కమిటీకి నీరసం వచ్చింది. మిరపకాయలు ఆరబోసుకోవడానికి స్థలం ఇమ్మని ఒక కమీషను వర్తకుడు అప్పటికే అడుగుతున్నాడు. వచ్చే చవితికి కూడా ఇలాగే అయితే తోట తీసేసి కల్లానికి ఇచ్చేద్దామని నిశ్చయించారు. సౌభాగ్యమ్మను పిలిచి ఆ మాట చెప్పారు. ఆవిడ సరేనని, మర్నాడే బొగ్గుతో నడిచే బస్సెక్కి కీసర వెళ్లి, మున్నేటి ఒడ్డున ఇంకో మద్ది మొక్కను వేళ్లతో, మట్టితో తవ్వి, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కండక్టరు, "బిడ్డకు పాలు పట్టావా అమ్మా?" అన్నాడట. "ఊరికెళ్లాక పడతాలే," అందట.

చవితికి నాలుగు రోజుల ముందు ఎప్పుడూ అమావాస్యే. 1949లో ఆ అమావాస్యకు కమిటీ తోటలో చేరగానే సౌభాగ్యమ్మ, "రేకులు పీకేద్దామండి," అంది.

కుటుంబరావు మొహం మాడ్చుకున్నాడు. "రెండు పూతలు వేశా టీచరమ్మగారూ."

"అందుకేనండీ అంత దూరానికి కనబడుతున్నై."

"పేర్లు లేకపోతే ఉద్యానం ఎట్లా అవుద్ది?" అన్నాడు చెన్నకేశవరావు. "అడివి అవుద్ది."

"నాలుగు రోజులు అడివే అవనివ్వండి. ఇన్ని ఆకుల్లో ఏది ఏదో గుర్తుపట్టేవాళ్లు మీ బజార్లో ఎంతమందండీ?"

"నేను పట్టనా?"

ఆవిడ రేకుకు అడ్డంగా నిలబడి, పక్కనున్న కొమ్మ వంచింది. "ఇదేంటో చెప్పండి."

ఆయన ఆకు నలిపాడు, వాసన చూశాడు, ఎండకు పట్టి చూశాడు. "జామ?"

"వావిలండి."

కుటుంబరావుకు దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా ఆగి, చెన్నకేశవరావే మొదటి రేకు పీకాడు. గేటుకు తాళం వేద్దామని ఎవరో అన్నారు. "తాళం వేస్తే గోడ దూకుతారు. గోడవార పాదులన్నీ పోతై," అంది సౌభాగ్యమ్మ.

చవితి పొద్దున గేటు బార్లా తీసే ఉంది. జనం పుస్తకాలతో వచ్చారు. వచ్చి నిలబడ్డారు. పుస్తకంలో పేర్లున్నాయి, ఎదురుగా ఆకులున్నాయి, రెండింటికీ మధ్య దారి లేదు. ఊళ్లో ఇన్ని తరాలుగా పూజలు చేస్తున్నవాళ్లకు దేవుడి పత్రి తెలియదు, దేవుడు వేరైన మనిషికి తెలుసు. అడగక తప్పలేదు.

ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డంతో చూపించింది. తను కోసిస్తే కొందరు తీసుకోరని ఆవిడకు తెలుసు. ఒకరిద్దరు, "నువ్వు ముట్టుకోకు," అని పైకే అన్నారు. ఆవిడది సహనమని తర్వాత మెచ్చుకున్న పెద్దలున్నారు. ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడదు. అవమానించిన వాళ్లను వదిలేసి, పడిన మనిషికి బిరుదు ఇవ్వడం సుళువు. ఆవిడ లెక్క వేరు. తను కోసిస్తే మిగతావాళ్లు చేతులు చాచి పట్టుకుపోతారు, కోయడం నేర్చుకోరు. "చివర తుంచండి, కొమ్మ విరవొద్దు. ముందు వాసన చూడండి, తర్వాత కోయండి," అంటూ పొద్దుటి నుంచి క్లాసు చెప్పినట్టు చెబుతూ నడిచింది. అడిగి కోసేవాడు దూసుకుపోలేడు.

తొమ్మిదింటికి చెన్నకేశవరావు తల్లి నాగేంద్రమ్మ వచ్చింది. బజార్లో పెద్ద కొట్టు వాళ్లది, ఆవిడ ఏం చేస్తే మిగతా ఇళ్లు అది చేస్తాయి. పళ్లెంలో పందొమ్మిది రకాల ఆకులు వరసగా పేర్చుకుంది. వెనక ముప్పైమంది దాకా ఉన్నారు.

"ఏమ్మా టీచరమ్మా, ఇరవయ్యోది అర్జున పత్రం. ఏది?"

మద్ది నాగేంద్రమ్మ కాళ్ల దగ్గరే ఉంది, పదకొండు ఆకులతో. నాలుగడుగుల అవతల కానుగ ఉంది, కొమ్మలు నేలకు వంగేటంత గుబురుగా. అటు గడ్డం ఊపితే చాలు. ముప్పైమందిలో తేడా తెలిసినవాళ్లు లేరు, రేకులు లేవు. సౌభాగ్యమ్మ గడ్డం అటు ఊపలేదు.

అబద్ధమాడరాదన్న ఆజ్ఞ ఆపిందని సంఘంలో చెప్పుకున్నారు. నేనడిగితే ఆవిడ అన్నది ఇది: "మొక్కకు దొంగ పేరు చెబితే, రేపు ఇంకో మొక్కకు నిజం పేరు చెప్పినా నమ్ముతారా?"

"మీ కాళ్ల దగ్గరదేనండి," అంది నాగేంద్రమ్మతో. "పదకొండు ఆకులే ఉన్నై. నిరుడు దీని ముందుదాన్ని దూసేశారు, చచ్చిపోయింది. మీరు ఒకటి కోస్తే మీ వెనకాల వాళ్లూ తలొకటి కోస్తారు."

"అయితే నా పూజ ఇరవైతో సరిపెట్టుకోమంటావా?"

"ఆ మాట నేననను. ఉన్నది చెప్పా."

"నువ్వు మహా మొండిదానివని మా కేశవుడు చెప్పాడులే."

నాగేంద్రమ్మ వంగి మొక్కను చూసింది. పైకి కనబడకుండా పెదవులతో ఆకులు లెక్కపెట్టింది. నిటారుగా అయి, పుస్తకం తెరిచి, ఇరవయ్యో నామం అక్కడే చదివి, నాలుగు అక్షింతలు మొక్క మొదట్లో వేసింది. "ఇరవయ్యోది ఇక్కడే అయిపోయింది. ఇక ఇరవై ఒకటోది, జిల్లేడు ఎక్కడ?"

"గేటు బయట బోలెడంత, అమ్మగారూ."

వెనకవాళ్లకు మొక్క ఎంత అర్థమైందో తెలియదు, నాగేంద్రమ్మ చేసింది మాత్రం అర్థమైంది. ఒక్కొక్కరూ వచ్చి నామం చదివి, అక్షింతలు వేసి పోయారు. ఒకాయన భక్తి ఎక్కువై కర్పూరం వెలిగించాడు. సౌభాగ్యమ్మ చెంబుతో నీళ్లు గుమ్మరించేలోగా రెండాకులు కమిలిపోయాయి. తొమ్మిది మిగిలాయి.

దీన్ని గెలుపు అనడానికి నాకు మనసొప్పదు. మద్ది అని తెలుసుకుని వదిలేసి ఉంటే బాగుండేది, దేవుడనుకుని వదిలేశారు. తెలుసుకోవడం కన్నా దణ్ణం పెట్టడం ఎప్పుడూ తేలికే. ఈ మాట ఆవిడతో అంటే, "వదిలేశారుగా బాబూ," అంది.

కమిటీలో కల్లం ఊసు మళ్లీ రాలేదు. వరసలో ఏ మొక్కా చావలేదు, కల్లమని పట్టుబట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. చెన్నకేశవరావు ఉత్సాహంగా మద్ది చుట్టూ సిమెంటు గట్టు కట్టిస్తానన్నాడు.

"వద్దండి. వాన నీళ్లు వేరుకు దిగవు."

"మీ మతంలో లేదని వద్దంటున్నావా?"

"మద్ది మతంలో లేదండి."

ఆయన రెండు రోజులు అలిగాడు.

ఆ పై అమావాస్య పెద్దల అమావాస్య. ఇళ్లలో తద్దినాలు కానిచ్చుకుని మధ్యాహ్నం కమిటీ వచ్చేసరికి, తోటలో ఆరుగురు ఆడవాళ్లున్నారు. రెండేళ్లలో సౌభాగ్యమ్మ కాక వేరే ఆడవాళ్లు సేవకు రావడం అదే మొదలు. రమ్మని పిలవాలని ఎవరికీ తోచలేదు మరి. మంచినీళ్లు ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకున్నారు, సౌభాగ్యమ్మ కుండ జోలికి ఒక్కరూ పోలేదు. ఆ దూరం అలాగే ఉంది. నాగేంద్రమ్మ కొంగు నడుముకు చుట్టి పాదు ముందు కూర్చుని, చేతికందింది అందినట్టు పీకుతోంది.

"అది గుంటగలగరండి," అంది సౌభాగ్యమ్మ.

"అయితే?"

"మళ్లీ పాతాలి."

నాగేంద్రమ్మ ఆవిడ వంక చూసి, ఏదో గొణిగి, వేలితో గుంట చేసి, మళ్లీ పాతింది.