జుబిలేషన్ అనే మాట, మా పాత వడ్లు

“డబ్బా అంతా వంచేశావా? దిమాగ్ ఖరాబ్ అయిందా నానమ్మా నీకు?”

“నోరు అదుపులో పెట్టుకో. విత్తనం నాది, పొలం మీ తాతది.”

“ఇరవై ఏళ్ల నాటి వడ్లు ఎక్కడైనా మొలుస్తాయా?”

“నువ్వే కదే చెప్పావు, కొమ్ము ఊదిన ఏడు ఎవరి భూమి వాళ్లకి తిరిగొస్తాదని!”

“అరే బాబా, అది ఆ మాట పుట్టిన కథ. మన ఖేత్ సంగతి కాదు.”

శనివారం సాయంత్రం, మా దీవిలోని తుష్నాబాద్‌లో మా వంటగది గుమ్మం దగ్గర, తడి గోనెమూట మధ్యలో పెట్టుకుని నేనూ నా మనవరాలూ పడిన తగవు ఇది. మరునాడు మా తెలుగు చర్చికి యాభై ఏళ్ల పండుగ. అందులో జుబిలేషన్ అనే ఇంగ్లీషు మాట గురించి చెప్పే పని దానికి అప్పజెప్పారు. వారం రోజులు ఫోన్‌లో చదివి నాకు చెప్పి చూసుకుంది. నేను మూడో తరగతి దాటనిదాన్ని, శ్రద్ధగా విన్నాను. పట్టలేని సంతోషం, కేకలు వేసేటంత సంతోషం అని అర్థమట. లాటిన్‌లో కేక వేయడం నుంచి పుట్టిందట. దాని పక్కనే నడిచే జూబిలీ అనే మాట మాత్రం హెబ్రీ వాళ్లది, అంటే పొట్టేలు కొమ్ము. యాభయ్యో ఏట ఆ కొమ్ము ఊదితే, పోయిన భూమి సొంతదారుకి తిరిగి వచ్చేది. మన బైబిల్లో సునాద సంవత్సరం అని ఉన్నది అదే. ఎన్నోసార్లు విన్నాను గానీ, మా పొలాన్ని తలుచుకుని ఎప్పుడూ వినలేదు.

సునామీకి మా పొలం కుంగి ఉప్పునీటి కిందికి పోయింది. అంతకుముందు కోతలో తీసిన విత్తనం ఒక్క డబ్బా మిగిలింది. ఏటా ఎండబెట్టి, వేపాకు వేసి, మూత బిగించేదాన్ని. పొలం తేలకుండానే మా ఆయన పోయాడు. ఈ ఏడు ఉప్పునీటికి అడ్డంగా కట్ట వేశాక ఓ మూల నేల బయటపడిందని కొడుకు చెప్పాడు. ముందు గుప్పెడు నానబెట్టి చూడాలని నాకు తెలియదా? జీవితమంతా గుప్పెడుతోనే చూసినదాన్ని. ఆ వారం మాత్రం, కొమ్ము సంగతి విన్నాక, గురువారం డబ్బా అంతా నీళ్లలో వంచి, మర్నాడు గోనెలో మూటగట్టాను.

“మొలకెత్తకపోతే?” అంది మనవరాలు, గొంతు తగ్గించి.

“రేపు చూద్దాం. పో, నీ పాఠం చూసుకో.”

తెల్లారి గోనె విప్పాను. ముక్కిన వాసన. పైనుంచి అడుగుదాకా వేలితో కెలికాను. ఒక్క తెల్ల మొన లేదు. వడ్లు కోళ్లకి వేశాను. డబ్బా కడిగి బోర్లించాను. పది గంటలకి చర్చిలో మనవరాలు ఆ మాటకి అర్థం చెప్పింది. అందరూ కేకలు వేశారు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.