దండకడియం మర

మా నాయనమ్మ దండకడియం పాత వెండి రూపాయలు కరిగించి చేయించింది. రెండు కొసలకూ మొసలి మూతులు, వాటిని కలిపే ఒక చిన్న మర. మోచేతికి పైన, రైక చేయి ముగిసినచోట కండను పట్టి ఉండాలి. కిందికి జారితే అది కడియం కాదు, గాజు అనేది. నా చేయి సన్నం కాబట్టి మగ్గం దగ్గర మిగిలిన నూలు లోపలివైపు చుట్టి తొడిగేది.

చిక్కల్లా మరతోనే. ఒంటిచేత్తో బిగించుకోలేం, ఇంకొకరు తిప్పాలి. నాయనమ్మకు తాత తిప్పేవాడట. ఆమె పోయాక కడియం నాకొచ్చింది, మర తిప్పే పని అక్కకొచ్చింది. పండుగ పొద్దున పెదవి కొరుక్కుంటూ తిప్పేది.

డెబ్బైల్లో అక్క పెళ్లయింది. ఆ పొద్దున కూడా తనే తిప్పింది. తలంబ్రాలయ్యాక ఫొటోకు అందరినీ నిలబెడుతుంటే, ఆమె కొత్త ఆడబిడ్డ నా చేయి చూసి నవ్వింది. అక్క నావైపు వంగింది.

"తీసెయ్యే దాన్ని. పొలంల నాటెయ్యవోయేదాని లెక్కున్నవ్."

"పొద్దుగాల నువ్వే గద బిగిచ్చినవ్."

"ఇప్పుడు నేనే తియ్యమంటున్న."

తియ్యలేదు. పక్కకు జరిగాను. ఎవరూ పిలవలేదు. హనుమకొండలో అక్క ఇంటి గోడకు ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో వంటామె కూడా ఉంది, నేను లేను.

తర్వాత మోచేతి దాకా రైకలు వచ్చి దండకడియాలు పెట్టెల్లోకి పోయాయి. అమ్మానాన్నలు పోయి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. అక్క పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఆమె బిడ్డ ఆటో దిగి వచ్చింది.

"చిన్నమ్మా, జర నీ దండకడియం ఇయ్యవే. కాలేజీల బతుకమ్మ ఆడుతున్నం."

"మీ అమ్మను వచ్చి అడగమను."

"గీ దానికి అమ్మెందుకు?"

"మీ అమ్మకు ఎరుకే."

"ఒక్క కడియానికి ఇంత పంచాయితా?"

"పంచాయితే."

ఆ వారమంతా ఎదురుచూశాను. కుంకుడు రసంతో కడియం తోమాను, కొత్త నూలు చుట్టాను. అక్క రాలేదు.

పండుగయ్యాక ఆ పిల్ల ఫొటో పంపింది. బజారులో కొన్న పూత కడియం మోచేతి దాకా జారి ఉంది. అక్క అది చూసే ఉంటుంది. చూస్తే నాయనమ్మ మాట గుర్తు రాకుండా ఉండదు.

ఆ సాయంత్రం నా కడియం నేనే తొడుక్కున్నాను. చేయి గోడకు అదిమిపెట్టి మర తిప్పబోతే రెండుసార్లు జారి కింద పడింది. పిలిస్తే పక్కింటామె వచ్చి తిప్పేదే. పిలవలేదు. తిప్పాల్సింది ఆమె కాదు.