కాజాలమ్మ మాగ్నోలియా

వీధిలో అందరూ ఆమెను కాజాలమ్మ అనేవారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయాక ఈ పేరే నిలిచిపోయింది. ఇంటి ముందు గదిలో మొగుడి కుట్టుపని దుకాణం. కత్తిరించడం, కుట్టడం, కసరడం టైలరు మాస్టారి వంతు. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, మాటలు పడడం ఆమె వంతు. కోటు ఎంత బాగా కుదిరినా పేరు మాస్టారిది, గుండీ ఊడితే మాత్రం కాజాలమ్మది.

వాళ్ళకు పిల్లలు లేరు. పెరట్లో ఒక చెట్టు ఉండేది.

ఎదురింటి పంతులమ్మ ఊరు వదిలి వెళ్తూ ఒక కుండీ తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది మాగ్నోలియా. సంపంగికి చుట్టం. చలికాలంలో ఆకంతా రాల్చేసి, చలి విరిగేటప్పుడు ఒట్టి కొమ్మల మీదే పూస్తుంది. పువ్వొక్కొక్కటీ దోసెడంత, తెల్లగా. నువ్వైతే బాగా చూసుకుంటావు" అంది. అంతకుముందు 'నువ్వైతే' అని కాజాలమ్మతో ఎవరూ అనలేదు.

ఆమె నిజంగానే కంటికి రెప్పలా చూసుకుంది. వేళ్ళు పైపైనే పాకే చెట్టు కాబట్టి చుట్టూ పార వెయ్యనిచ్చేది కాదు, కలుపు చేత్తోనే పీకేది. దుకాణంలో మిగిలిన నూలుగుడ్డ పేలికలు తడిపి మొదలు చుట్టూ పరిచి, వాటి మీద రాలిన ఆకులు కప్పేది. ఎండలు ముదిరితే తాను తిన్నా తినకపోయినా చెట్టుకు మాత్రం నీళ్ళు తప్పేవి కావు. చెట్టు ఏపుగా పెరిగింది. పూత మాత్రం రాలేదు.

మాస్టారికి లోకంలో భయమంటూ ఉంటే అది చిమట పురుగంటేనే. దుకాణం పెట్టిన కొత్తలో ఎవరో పెద్దమనిషి ఇచ్చిన ఉన్నికోటును చిమట కొరికి జల్లెడ చేసింది. ఆ పెద్దమనిషి నడివీధిలో పెట్టిన చీవాట్లు ఆయన జన్మలో మరిచిపోలేదు. అప్పటినుంచి రెక్కలున్నది గానీ బొచ్చున్నది గానీ కంటపడితే చంపందే ఊరుకునేవాడు కాదు. అలాంటి మనిషికి ఆకు రాలిన చెట్టు మీద, కొమ్మల కొసల్లో, బూడిదరంగు నూగుతో బొటనవేలంత గూళ్ళు కనిపించాయి.

"గొంగళిపురుగు గూళ్ళే ఇవి! ఎండ తగిలిందంటే పగిలి, పురుగులన్నీ కిటికీలోంచి వచ్చి ఉన్ని మీద పడతాయి. ఇక మనం దుకాణం మూసుకోవడమే!" అంటూ లోపలినుంచి స్టూలు తెప్పించాడు.

ఒక్కొక్కటే గిల్లి సబ్బునీళ్ళ బకెట్లో వేశాడు. స్టూలు కదలకుండా పట్టుకున్నది కాజాలమ్మే. అది మొదలు ప్రతి చలికాలమూ అదే తంతు. కొమ్మల్ని తన చేతికందే ఎత్తు దాటనిచ్చేవాడు కాదు.

"ఒక్కటి వదిలెయ్యండి, లోపల ఏముందో చూద్దాం" అని ఒకసారి అడిగింది.

"పురుగును పెంచుకుంటావా? పెంచుకోవాలని అంత ముచ్చటగా ఉందా?" అన్నాడు. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. ఆమె మళ్ళీ అడగలేదు.

చలి విరిగేది. చెట్టు ఆకులు తొడిగి ఊరుకునేది. మాస్టారు కిటికీలోంచి చూసి, దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "గొడ్డు మాను. పెంచేవాళ్ళ గుణమే వచ్చింది దానికి" అనేవాడు. మొదటిసారి అన్నప్పుడు ఒకరిద్దరు నవ్వారు. జనం నవ్వుతారని తెలిశాక వదులుతాడా, ఏటా అదే మాట, అరిగిపోయేదాకా వాడాడు. కాజాలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తేది కాదు. లోపల మాత్రం కుతకుతలాడిపోయేది. ఒక్క పువ్వు, ఒక్కటంటే ఒక్కటి పూస్తే చాలు, ఆ నోరు మూతపడుతుందని ఆమె ఆశ. చెట్టు మీద ప్రేమ ఎంతో ఈ కసీ అంతే. నీళ్ళు పోస్తూ, "పూయవే తల్లీ, నా కోసం ఒక్కటి పూయవే" అని బతిమాలేది.

అలాగే ఏళ్ళు గడిచాయి, ఇద్దరి జుట్టూ నెరిసింది. ఒక చలికాలం మొదట్లో మాస్టారు దుకాణం మెట్టు మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కత్తిరింపు, కుట్టు, ఇస్త్రీ, ఆయన సేవ, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

"గూళ్ళు ఏరావా?" అని మంచంలోంచి కేకేశాడు.

"ఏరానండీ."

"అన్నీ?"

"అన్నీ."

ధైర్యం చేసి ఆడిన అబద్ధం కాదది. స్టూలెక్కే ఓపిక లేక ఆడింది.

చలి విరిగాక ఒక ఉదయం బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే, ఒక గూటి బొచ్చుతోలు చీలి లోపల ఏదో తెల్లగా కనబడింది. పురుగేననుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే పూరేకు. నాలుగు రోజుల్లో చెట్టంతా అవే, ఆకు లేని కొమ్మల నిండా దోసెడేసి పూలు.

ఆమె ముందు నవ్వింది. తర్వాత కింద రాలిన నూగుతొడుగు ఒకటి తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, అక్కడే కూలబడింది. గూళ్ళు కావవి, మొగ్గలు. ఏటేటా బకెట్లకొద్దీ మొగ్గలు. గిల్లింది మాస్టారైతే కింద స్టూలు పట్టుకున్నది తను. మొగుడి మీద వచ్చిన కోపానికి రెట్టింపు తన మీద వచ్చింది. ఒక్కదాన్ని, ఆయన కళ్ళుగప్పి ఒక్కదాన్ని విప్పి చూసుకోలేకపోయానా అని తల బాదుకుంది.

ఆ తొడుగు తెచ్చి మాస్టారికి చూపించింది. "పురుగులు కావండీ, మొగ్గలు."

ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "ఊఁ. ఈసారి నీళ్ళు బాగా పట్టినట్టున్నాయి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కర్ర ఊతంతో దుకాణంలోకి వచ్చి కూర్చునేసరికి ఆ మాట కూడా మారిపోయింది. పూలు చూడడానికి వచ్చినవాళ్ళతో, "ఊరికే పూసిందనుకున్నారా? ఇన్నేళ్ళూ పురుగు ఏరి ఏరి కాపాడుకొచ్చాను" అనడం మొదలుపెట్టాడు. మాస్టారి చెయ్యి మంచిదని జనం పొగిడారు. మూతపడుతుందని కాజాలమ్మ అనుకున్న నోరు ఇంకా పెద్దదైంది.

ఆ వారమే వీధి చివరి బేకరీ ఆవిడ కొడుక్కి కోటు కుట్టించడానికి వచ్చింది. కొడుకు చేతులు చాపి నిలబడ్డాడు. మాస్టారు కొలతలు చెబుతుంటే కాజాలమ్మ రాసుకుంటోంది. బేకరీ ఆవిడ కిటికీలోంచి చెట్టును చూసి, "గొడ్డు మాను చేత కూడా పూయించారు మాస్టారూ! మా ఇంట్లోనూ ఒకటుంది, కోడలై వచ్చి ఇన్నేళ్ళయినా ఉలుకూ పలుకూ లేదు. దాన్ని కూడా మీ దగ్గరికే పంపిస్తాను" అని పకపక నవ్వింది. మాస్టారు నవ్వాడు. కొడుకూ నవ్వాడు.

కాజాలమ్మ పెన్సిలు పక్కన పెట్టింది.

"బాబూ, డాక్టరు దగ్గరికి నువ్వు వెళ్ళావా, ఆ పిల్లనొక్కదాన్నే పంపావా?"

నవ్వులు ఆగిపోయాయి. కుర్రాడు తల్లి మొహం చూశాడు.

"నేను ఒక్కదాన్నే వెళ్ళాను నాయనా. నీలో ఏ లోపమూ లేదు, మీ ఆయన్ని తీసుకురా అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి చెప్పాను. మగాడికి పరీక్షేమిటన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది."

"చేతులు చాపు బాబూ, భుజం కొలవాలి" అన్నాడు మాస్టారు.

కుర్రాడు చేతులు చాపలేదు. "తర్వాత వస్తాం" అని గొణిగి, తల్లి కోసం చూడకుండానే మెట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ అతని వెనకాలే పరిగెత్తింది.

మాస్టారు మెడలోని టేపును చాలాసేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు చివరికి.

"మీకు పోయింది పరువొక్కటే" అంది కాజాలమ్మ.